నడవని రెండో పంపు

ఊరికి నీళ్లు పంపే పంపుహౌసులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ ఉలుకులమ్మ అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. తలుపు గాలికి కొట్టుకుంటే ఉలిక్కిపడేది, ఫోను మోగితే ఉలిక్కిపడేది, ఎవరైనా వెనకనుంచి పలకరిస్తే చేతిలో ఉన్నది కింద పడేసేది. అలాంటి మనిషికి రాసిపెట్టిన రాత చూడండి, గదంతా దద్దరిల్లే మోటార్ల మధ్య ఉద్యోగం దొరికింది. తండ్రి అక్కడే ఆపరేటరుగా చేస్తూ కన్నుమూస్తే ఆ ఉద్యోగం కూతురికిచ్చారు. మొదటిరోజు రెండు కళ్లూ గట్టిగా మూసుకుని స్టార్టరు నొక్కింది. ఇన్నేళ్ల అనుభవం వచ్చాక ఒక కన్ను మాత్రం తెరిచి నొక్కడం నేర్చుకుంది.

భయస్తుల్లో ఒక సుగుణం ఉంటుంది, పనిలో వంక పెట్టనివ్వరు. గంటకోసారి మీటర్లు చూసి రిజిస్టర్లో రాయడం ఆవిడ పని. ముందు పంపు నంబరు, తర్వాత ప్రెషరు, ఆ తర్వాత జరిగిన సంగతి, చివర టైమూ షిఫ్టూ. ఈ వరుస తండ్రి నేర్పింది. అది ఆవిడ చేతికి ఎంతగా పట్టుబడిందంటే, పాలవాడికి చీటీ రాసినా కింద టైము వేసి 'ఒకటో షిఫ్టు' అని రాసేది. దర్జీపని చేసే మొగుడు ఆ చీటీలు చూసినప్పుడల్లా, "పాలు కూడా మీ ఒకటో షిఫ్టులోనే పొంగాలంటావా?" అని ఏడిపించేవాడు.

ఆ రిజిస్టర్లో పదకొండు నెలల కిందట మొదటిసారి అబద్ధం పడింది. విదేశీ సాయంతో వచ్చిన రెండో పంపుకు షాఫ్టు విరిగింది. పైవీధులకు నీళ్లెక్కించేది అదే. ఇంజనీరు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "స్పేరు పార్టు వచ్చేదాకా నడుస్తున్నట్టే రాయండమ్మా. ఆగిందని తెలిస్తే సాయం చేసేవాళ్లు ముఖం తిప్పేసుకుంటారు. రోజుకు ఆరు గంటలని వేయండి. నాలుగు రోజుల మాటే కదా!" అన్నాడు.

ఆవిడ నీళ్లు నమిలింది, ఆరు గంటలని వేసింది. నాలుగు రోజులు కాస్తా పదకొండు నెలలయ్యాయి. పైవీధుల ఆడవాళ్లు డబ్బాలు పట్టుకుని కిందివీధి కొళాయిల దగ్గరికి దిగి వస్తుంటే, వాళ్ల కంట పడకుండా వెనకసందులోంచి ఇంటికి వెళ్లేది. ఎవరూ ఆవిడను ఏమీ అనలేదు. అననందుకే ఆవిడకు ఇంకా భయంగా ఉండేది.

ఆవిడ వారపు సెలవు గురువారం. ఆ రోజు లైబ్రరీకి వెళ్లి పత్రికలు తిరగేయడం అలవాటు. లైబ్రరీ చూసుకునే అమ్మాయి చేరి ఏడాది కూడా కాలేదు, ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు, ఉత్సాహానికి మాత్రం కొదవలేదు. దేశదేశాలకు సాయం చేసే ఒక పెద్ద సంస్థ తన కొత్త విధానం ఎలా ఉండాలో జనమే చెప్పాలని ఇంటర్నెట్‌లో బహిరంగ చర్చ పెట్టింది. నాలుగు వారాలు, వారానికో ప్రశ్న, ఎవరైనా రాయొచ్చు. ఆ అమ్మాయి గుమ్మానికి కాగితం అంటించి, వచ్చినవాళ్లనల్లా కంప్యూటరు ముందుకు లాక్కుపోతోంది.

"మీరన్నా రండి అక్కా. పది రోజుల్నుంచి గొంతు చించుకుంటున్నా, మన ఊరినుంచి ఒక్కరు రాస్తే ఒట్టు."

"దేశాల సంగతి నాకేం తెలుసమ్మా?"

"దేశాల సంగతి కాదక్కా, నీళ్ల సంగతే. ఈ వారం ప్రశ్న చదువుతా వినండి. 'సాయం అందిన చోట పనులు ఎలా జరుగుతున్నాయి? అక్కడివాళ్లే చెప్పండి.' చూశారా? అక్కడివాళ్లంటే మనమే!"

దాని కింద ఎవరో నిపుణుడు పెద్ద ఉత్తరమే రాశాడు. అమ్మాయి అదీ చదివింది. ఒక చిన్న ఊళ్లో ఈ రకం పంపు పదకొండు నెలలుగా ఒక్కరోజూ ఆగకుండా రోజుకు ఆరు గంటలు నడుస్తోందట. రికార్డులే సాక్ష్యమట. అందుకని మరో నలభై ఊళ్లకు అదే పంపు ఇవ్వాలట. ఊరి పేరు రాయలేదు గానీ పంపు బొమ్మ పెట్టాడు.

ఆ ఆరు గంటలు ఎవరివో ఉలుకులమ్మకు తెలియదా? తన చేత్తో రాసిన అబద్ధం సముద్రాలు దాటి వెళ్లి, నలభై ఊళ్ల మీద పడబోతోంది. నలభై ఊళ్లలోనూ పైవీధులుంటాయి.

"పేరు రాయక్కర్లేదు కదా?" అని అడిగింది.

"అక్కర్లేదక్కా. మన లైబ్రరీ పేరు మీదే వెళ్తుంది."

ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ అరగంట కొట్టింది. 'రెండో పంపు. ప్రెషరు సున్నా. షాఫ్టు విరిగి పదకొండు నెలలు. ఆరు గంటలు అని అబద్ధం రాసింది నేనే. నలభై ఊళ్లకు ఈ పంపు ఇవ్వకండి.' అక్కడితో ఆగాల్సింది. చెయ్యి ఆగితేగా! గోడ గడియారం చూసి, '11.20, ఒకటో షిఫ్టు' అని కూడా కొట్టింది. మన ఊరినుంచి ఒకరు రాశారన్న సంబరంలో అమ్మాయి అది చూసుకోలేదు, బటను నొక్కేసింది.

వీధి మలుపు తిరుగుతుండగా టైమూ షిఫ్టూ కూడా కొట్టేశానని ఉలుకులమ్మకు తట్టింది. పరుగున వెనక్కి వెళ్లింది.

"తీసెయ్యి తల్లీ, ఆ చివరి ముక్కన్నా తీసెయ్యి."

"ఒకసారి పెట్టాక తియ్యడం కుదరదక్కా. అయినా టైము చూసి ఎవరు కనిపెడతారు?"

"పంపుహౌసు గడప తొక్కినవాడెవడైనా కనిపెడతాడు."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆ తర్వాత నాలుగు రోజులూ ఆవిడకు తిండి సయించలేదు. పంపుహౌసు బయట చెప్పుల చప్పుడైతే చాలు, మోటార్ల వెనక్కి వెళ్లి నిలబడేది. మొగుడికి చెబితే అతనూ తెల్లబోయాడు. చేస్తున్న కుట్టు ఆపి, "ఎవరన్నా అడిగితే నాకేం తెలియదను. నీ మీద ఎవరికి అనుమానం వస్తుంది?" అన్నాడు. సోమవారం ఉదయం ఫోను వచ్చింది. ఇంజనీరు ఆఫీసుకు పది గంటలకు రమ్మన్నారు, రిజిస్టరు పట్టుకుని.

"కూర్చోండమ్మా. ఎందుకలా వణుకుతున్నారు?" అన్నాడు ఇంజనీరు. అతని ముందు ఆవిడ రాసిన మాటలు అచ్చుతీసిన కాగితం ఉంది. "ఇది లైబ్రరీ నుంచి వెళ్లింది. ఆ పిల్ల మీ నోట్లోంచి ఏదో కూపీ లాగి రాసిపారేసింది. ఎంత తెలివో చూడండి, మీ మీదికి తోసెయ్యడానికి 'రాసింది నేనే' అని రాసి, కింద ఒకటో షిఫ్టు అని కూడా పెట్టింది!"

ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది.

"పై అధికారులు నన్ను నిలదీస్తున్నారు. ఇదిగో, ఈ కాగితం మీద సంతకం పెట్టండి. రెండో పంపు నడుస్తోంది, ఆ అమ్మాయి రాసింది అబద్ధం, అంతే. మిగతాది నేను చూసుకుంటా."

"ఆ అమ్మాయినేం చేస్తారు సార్?"

"తీసేస్తారు. పర్మినెంటు కూడా కాదు కదా."

దాచడమెందుకు, ఆ క్షణాన ఆవిడకు ప్రాణం లేచివచ్చింది. తనను ఎవరూ అనుమానించలేదు. ఇన్నేళ్ల పిరికితనం ఇవాళ గొడుగులా అడ్డం నిలబడింది. పెన్ను తీసుకుంది. కాగితం మీద ఆనించింది కూడా. మొదటి అబద్ధం నాలుగు రోజుల కోసం రాసింది, అది పదకొండు నెలలైంది. ఈ సంతకానికి గడువు లేదు. ఆ పిల్ల రేపటినుంచి ఏ ముఖం పెట్టుకుని ఇంకో ఉద్యోగం అడుగుతుంది? పెన్ను కింద పెట్టింది.

"నేనే సార్, రాసింది."

ఇంజనీరు పకపకా నవ్వాడు. "మీరా? బల్లి మీద పడిందని రెండ్రోజులు సెలవు పెట్టిన మనిషి మీరు!"

"నేనే సార్. ఆ పిల్లకు ఒకటో షిఫ్టంటే ఏంటో కూడా తెలీదు. పంపు నంబరు, ప్రెషరు, సంగతి, టైము, షిఫ్టు... చూడండి, రిజిస్టర్లోనూ అదే వరుస. చేతి అలవాటు కొద్దీ పడిపోయింది."

అతను రిజిస్టరు తిప్పి చూశాడు, కాగితం చూశాడు. నవ్వు ఆగిపోయింది. లేచి వెళ్లి తలుపు వేశాడు. "ఇంకెవరికి చెప్పారు?" అన్న గొంతు బాగా తగ్గింది. మంచినీళ్ల గ్లాసు ఎత్తితే చొక్కా మీద ఒలికింది. భయం గుర్తుపట్టడంలో ఆవిణ్ని మించినవాళ్లు లేరు. అతనూ భయపడుతున్నాడు. అది చూసి ఆవిడకు ధైర్యం రాకపోగా భయం ఇంకా పెరిగింది. భయపడ్డ మనిషి ఎంత పనైనా చేస్తాడని ఆవిడకు బాగా తెలుసు. పదకొండు నెలలు తాను చేసింది అదే.

"తాళాలు ఇక్కడ పెట్టండి. రేపట్నుంచి రావద్దు. ఆర్డరు ఇంటికొస్తుంది," అన్నాడు, ఆవిడ వైపు చూడకుండా.

మధ్యాహ్నం కాకముందే ఇంటికి వచ్చిన పెళ్లాన్ని చూసి దర్జీకి చెప్పకుండానే అర్థమైంది. ఆవిడ గోడకు ఆనుకుని కూలబడి, జరిగింది మొదటినుంచీ చెప్పింది.

"ఆ సంతకం పెట్టేసి ఉంటే పోయేది కదే!" అన్నాడు. కోపంగా అనలేదు.

"ఉద్యోగం ఉండేది," అని ఒప్పుకుంది ఆవిడ.

"భయం వేస్తోందా?"

"చాలా వేస్తోందండీ. చేతులు చూడండి. పెట్టి ఉన్నా వేసేదే. లైబ్రరీ ముందునుంచి నడిచిన ప్రతిసారీ వేసేది, బతికున్నంత కాలం."

అతను లేచి వెళ్లి పట్టపగలే వీధి తలుపు గడియ పెట్టి, వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.