పెద్దమామ ఫోను ముందు నడిచేది

కొత్తగా ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్న ఆ రోజుల్లో, ఏ రెండు పనులు తీసుకున్నా ఒకటి ముందు, ఒకటి వెనక జరిగి తీరుతాయని నాకు గట్టి నమ్మకం. (ఇంజనీరింగు పాసైన కొత్తలో నమ్మకాలన్నీ గట్టిగానే ఉంటాయి.) ఆ ధైర్యంతోనే మా మామలిద్దరి బండల వ్యాపారానికి ఒక యాప్ చేసిపెడతానని ఒప్పుకున్నాను. చిన్నమామ బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీ చూసుకునేవాడు, పెద్దమామ కడపలో అంగడి. ఫ్యాక్టరీ దగ్గర సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఎవరి ఫోనులో వాళ్లు అమ్మకాలు ఎక్కిస్తే, సిగ్నల్ దొరికినప్పుడు రెండు ఫోన్లూ మాట్లాడుకుని ఏది ముందో తేల్చాలి.

మొదట ఫోన్లలోని టైమునే నమ్ముకున్నాను. దేనికీ ఆలస్యం కాకూడదని పెద్దమామ తన ఫోనులో టైము అరగంట ముందుకు పెట్టుకుంటాడని నాకేం తెలుసు? ఆయన కడపలో ఆర్డరు పెట్టకముందే బేతంచెర్లలో లారీకి బండలెత్తినట్టు చూపించేది యాప్. టైము సరిచేసుకోమంటే, "నా టైము సరిగ్గానే ఉండాది. ఊరే వెనకుండాది" అన్నాడు.

సరేనని గడియారం వదిలేసి అంకెలు పట్టుకున్నాను. ప్రతి పనికీ ఫోను ఒక అంకె పెంచుతుంది. అవతలి ఫోను నుంచి కబురొస్తే, రెండింట్లో పెద్ద అంకె తీసుకుని అక్కణ్ణుంచి సాగుతుంది. అంకెలు సమానమైతే, మొదట నమోదైన ఫోనుదే ముందు అని రాసేశాను. మర్యాద కొద్దీ పెద్దమామ ఫోనే మొదట నమోదు చేసి ఉన్నాను మరి.

సిగ్నల్ లేని ఒక పూట, మిగిలిన ఒకే ఒక్క లాటు బండల్ని ఇద్దరూ చెరొకరికి అమ్మేశారు. చిన్నమామ మాటిచ్చింది వేంపల్లెలో ఇల్లు కట్టుకుంటున్న సొంత బావమరిదికి, గృహప్రవేశం దగ్గరపడింది. పెద్దమామ కడపలో ఒక కాంట్రాక్టరుకిచ్చాడు. ఇద్దరి అంకెలూ సమానంగా వచ్చాయి, పెద్దమామదే ముందు అంది యాప్.

"నేను మాటిచ్చినట్టు తెలిసే చేసినాడప్పా మా అన్న! ఇంక ఎవరి యాపారం వాళ్లదే" అన్నాడు చిన్నమామ. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. మా అమ్మ నన్ను చూసిన చూపుకి నిజంగానే భయమేసింది.

ఈసారి ప్రతి ఫోనూ తన అంకెతో పాటు, అవతలి ఫోను నుంచి చివరగా విన్న అంకెను కూడా పక్కనే ఉంచుకునేలా మార్చాను. ఆ పూట లెక్కలు మళ్లీ ఎక్కించి, ఇద్దర్నీ ఎలాగో ఫ్యాక్టరీలో కూర్చోబెట్టి తెర చూపించాను. ఆ రెండు అమ్మకాల పక్కనా ‘ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా జరిగినవి’ అని ఉంది.

"ముందెవరో చెప్పప్పా అంటే, ఎవరూ కాదంటావేంది?" అన్నాడు చిన్నమామ.

"అంతకన్నా చెప్పలేం మామా. అమ్మేటప్పుడు నీది ఆయనకు తెలీదు, ఆయనది నీకు తెలీదు."

చిన్నమామ పెద్దమామ వైపు తిరిగాడు. "నిజంగా తెలీదా అన్నా?"

"తెలిస్తే అమ్ముతానేంరా?" అన్నాడు పెద్దమామ. మళ్లీ తనే, "బండలు వేంపల్లెకే ఎత్తు. కాంట్రాక్టరుకు నేను చెప్పుకుంటాలే" అన్నాడు.

అప్పట్నుంచీ ఏది అమ్మాలన్నా ముందు ఒకరికొకరు ఫోను చేసుకునేవాళ్లు. సిగ్నల్ లేకపోతే అమ్మకమే ఆపేవాళ్లు. అంత కష్టపడి పెట్టిన నా వాక్యం తెరమీద మళ్లీ కనబడితే ఒట్టు. దానికోసం కొన్నాళ్లు ఎదురుచూసి, బాధపడ్డాను కూడా. అమ్మేముందు ఫోను చేసుకోండని ఒక్క మాట చెప్పడం తోచని ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది. పెద్దమామ ఫోను మాత్రం ఇప్పటికీ అరగంట ముందే ఉంది, చిన్నమామ కూడా తనది దానికి సరిపెట్టుకున్నాడు.