ఆకురాయి అనాల్సింది

మూడు రోజులుగా ముసురు. ఆ ఉదయం వాన కాస్త తెరిపివ్వగానే పత్తి చేలో నిలిచిన నీళ్లు పోవడానికి కాలువ తీస్తున్నాను. ఫోన్ మోగింది. హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒకప్పుడు నేను కిరాయికి ఉన్న ఇంటి యజమాని, మాస్టారు, పోయారని ఆయన భార్య చెప్పారు. పార గట్టున పెట్టి బస్సెక్కాను.

ఆయన బడిలో చెక్కపని నేర్పి రిటైరైన కోస్తా మనిషి. వాళ్ల మేడమీద గదిలో నేనూ ఒక మిత్రుడూ ఉంటూ అశోక్ నగర్‌లో కోచింగుకు వెళ్లేవాళ్లం. 2011లో ఉద్యమం వల్ల ఉద్యోగ పరీక్షలు వాయిదాల మీద వాయిదాలు పడుతున్నాయి. పుస్తకం తెరిస్తే చదవబుద్ధి కాదు, మూస్తే భయం. అప్పుడే ఇంటి నుంచి కబురు. చెల్లె చదివే హాస్టల్ బడిలో ఉన్న ఒక్క విల్లూ విరిగింది. మూడు వారాల్లో జిల్లా ఎంపిక పోటీలు. విల్లు లేకపోతే పేరు కొట్టేస్తారు. నాన్న అడవి నుంచి, బాగా వంగే తడచెట్టు కర్రలు రెండు పంపాడు. వాటిని విల్లు చెయ్యడం నా వంతు.

"పరీక్షలు రాస్తవా, వేటకు పోతవార?" అన్నాడు గదిలో మిత్రుడు.

నెట్ సెంటర్లో పనిముట్ల జాబితా ప్రింటు తీసి మాస్టారికి చూపించాను. పద్దెనిమిది ఉన్నాయి. ఆయన చెవి మీది పెన్సిల్ తీసి ఒక్కొక్కటే కొట్టేశారు.

"రందా గూడ వద్దా సార్?"

"మీ రందా, మా చిత్రిక, కర్రని తిన్నగా చెయ్యడానికయ్యా. నీది వంగాల్సింది కదా."

చివరికి మూడు మిగిలాయి. రంపం, కర్ర చెక్కే బాడిస తన దగ్గరున్నాయన్నారు. "మంచి ఫైలొకటి పట్టుకురా. గట్టిది. పదేళ్లు రావాలి."

అశోక్ నగరంతా తిరిగి అన్నిటికన్నా గట్టిది ఎంచాను. నీలం రంగు, ప్లాస్టిక్ అట్ట, మూతకు బొత్తం. సర్టిఫికెట్లు పెట్టుకునేది. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి, అమ్మగారిని పిలిచి మరీ చూపించారు.

"ఇది కర్రని అరగదీయదు బాబూ. నిన్ను అరగదీస్తుంది."

"మాకు ఫైలంటే గిదే గద సార్."

ఆయన నవ్వు ఆపారు. "ఆకురాయి అనాల్సింది. తప్పు నాదే."

ఆ సాయంత్రం నారాయణగూడ ఇనుప సామాన్ల దుకాణానికి ఆయనే వచ్చారు. నాలుగు ఆకురాళ్ల పళ్ల మీద బొటనవేలు ఆనించి చూసి, ఒకవైపు చదునుగా, ఒకవైపు గుండ్రంగా ఉన్నది తీశారు. ప్లాస్టిక్ ఫైలు మాత్రం తనకే కావాలని ఉంచుకున్నారు.

ఆయన లైబ్రరీకి వెళ్లిన ఒక పూట, తొందరపడి బాడిసతో కర్రను పల్చన చేశాను. వంచగానే ఫట్‌మంది. తిడతారనుకున్నాను. ముక్కలు తీసుకుని విరిగిన చోటు చాలాసేపు చూశారు.

"నీకు బాడిస ఇవ్వడం నా బుద్ధితక్కువ. తొందరున్న చేతికి నిదానంగా తినే పనిముట్టు ఇవ్వాలి."

బాడిసను పెట్టెలో పెట్టి తాళం వేశారు.

రెండో కర్రకు మొత్తం ఆకురాయే, చివర్న నునుపుకు గాజుపెంకు. గోడకున్న మేకుకు విల్లు తగిలించి నేను తాడు కిందికి లాగేవాణ్ణి. ఆయన వాకిట్లోంచి చూసి, వంగని చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టేవారు. అక్కడే గీకాలి, మళ్లీ లాగాలి. నా కాలు ఒక చోట నిలిచేది కాదు.

"ఇగ చాలు సార్. ఎల్లుండే పోటీ."

"కర్రకి ఎల్లుండి తెలీదయ్యా."

చెల్లె ఆ విల్లుతోనే ఎంపికైంది. ఆ సంగతి చెబితే, "రెండు సగాలూ సమంగా వంగాయా?" అని అడిగారు.

నాకు ఉద్యోగం రాలేదు. మరుసటేడు గది ఖాళీ చేసి ఊరికి వచ్చాను. అప్పుడప్పుడు ఫోన్ చేసేవాణ్ణి. బాగున్నానయ్యా అనేవారు.

ఇప్పుడు, దహనం అంతా అయ్యాక, అమ్మగారు బీరువాలోంచి నీలం ఫైలు తీశారు. "నువ్వు తెచ్చిందే నాయనా." నిండా ఆసుపత్రి కాగితాలు. బొత్తం పట్టక దారంతో కట్టారు. అన్నిటికన్నా అడుగున ఉన్న కాగితం మీది తేదీ, నేను గది ఖాళీ చేసిన నెలది.

మాస్టారు మంగళవారం పొద్దున ఆరున్నరకు పోయారు. నేను గురువారం మధ్యాహ్నం బస్సుకు ఊరికి వచ్చేశాను.