పంది దవడల సాక్ష్యం

మా పెదనాన్న ఇరోక్వాతోకి ఎడమ చెవి సగమే ఉండేది. మిగతా సగం వాళ్ళ నాన్న కొరికేశాడు. ఇరవై రెండు తరాల పేర్లు వరసగా అప్పజెప్పమంటే తొమ్మిదేళ్ళ పిల్లవాడు పద్నాలుగో పేరు ఎగరగొట్టాడు, అదీ నేరం. ఆ తర్వాత అరవై ఏళ్ళలో ఒక్క పేరు తప్పలేదు. మా మలైటా దీవి కొండల్లో భూమి ముందొచ్చినవాడిది. ఎవడు ముందొచ్చాడో చెప్పగల నోరు మా వంశంలో ఆయనదొక్కటే.

మంచివాడని నేననను. పందిని పొడిచినంత తేలిగ్గా మనుషుల్ని కొట్టేవాడు. నా ముందుపళ్ళు రెండూ ఊడటం ఆయన చలవే. అయినా ఆయన చేత దెబ్బలు తిన్నవాళ్ళు కూడా ఆయన మాటని కాదనేవాళ్ళు కారు.

మా అన్న ఓఫాసియా రాజధాని హోనియారాలో నాలుగేళ్ళుండి తిరిగొచ్చి, మన మూలపురుషుడు ఇజ్రాయేలు నుంచి పడవలో వచ్చాడని మొదలుపెట్టాడు. కొండమీది మా పెద్దల రాళ్ళగుట్ట ఆ కాలపు బలిపీఠమట. ఇజ్రాయేలు వాళ్ళు తినరని కుర్రాళ్ళందరూ పందిమాంసం మానేశారు. నేనూ మానేశాను, అబద్ధమెందుకు. అక్కడితో ఆగితే ఎవరికీ నష్టం లేదు. కానీ ముందొచ్చింది మనమే కాబట్టి వాగు అవతలి అబువాలో వంశంవాళ్ళు పదహారు ఇళ్ళూ ఖాళీ చేసి పోవాలన్నాడు. వాళ్ళు నవ్వారు. మావాళ్ళు చేమతోటలో మాటు వేసి, వాళ్ళలో సాంగో అనే ముసలామె కొడుకు చెయ్యి మణికట్టు దగ్గర నరికేశారు. ఊరి పెద్దలు అడ్డుపడి, పెదనాన్న సభలో పేర్లు చెప్పాకే తీర్పు అన్నారు.

"పెదనాన్నా, పైన ఓ ఐదు ఇజ్రాయేలు పేర్లు కలుపు, చాలు," అన్నాడు అన్న.

"ఎవర్రా వాళ్ళు, నీ మేనమామలా? ఇరవై రెండు తరాలంటే మహా అయితే ఆరొందల ఏళ్ళు. నీ ఇజ్రాయేలువాడు కదిలి మూడు వేల ఏళ్ళంటున్నావు. మధ్యలో ఏం చేశాడ్రా, వక్క నములుతూ కూర్చున్నాడా?"

"నడిమి పేర్లు మరిచిపోయి ఉంటారు."

పెదనాన్న పార అందుకున్నాడు. "అదీ నిజమే కావచ్చు. మనిషి మరిచిపోతాడు. బలిపీఠమంటున్నావు కదా, తవ్వి చూద్దాం పద. కింద వాళ్ళు బలిచ్చే గొర్రెల ఎముకలుంటే రేపు సభలో నీ మాటే చెప్తాను."

నడుంలోతు తవ్వాం. ఒకదాని కింద ఒకటి మూడు పొయ్యిలు బయటపడ్డాయి. మూడింటిలోనూ బూడిద, బూడిదలో పంది దవడలు. గొర్రెది ఒక్క ఎముక లేదు. అన్నిటికన్నా అడుగున పలకలాంటి నల్లరాయి. మా కొండ మీద దొరికేదంతా తెల్లరాయే. నల్లరాయి ఉన్నది అబువాలో వాళ్ళ పెద్దల స్థలంలో. విడిపోయి వేరు కుంపటి పెట్టుకునేవాడు పుట్టిన చోటి నుంచి ఒక రాయి తెచ్చి కింద పాతుకోవడం మా ఆచారం. అక్కడున్న అందరికీ అర్థమైంది.

"మన మొదటివాడు అబువాలో వంశంవాడేరా," అన్నాడు పెదనాన్న. "తోడబుట్టినవాణ్ణి చంపి వాగు దాటి పారిపోయొచ్చాడు. మా నాన్న ఈ మాట బయట అనొద్దన్నాడు. రేపు అంటాను."

ఓఫాసియా పార ఎత్తి ఆయన దవడ మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆ గోతిలో పందిపళ్ళ మధ్య పెదనాన్న పళ్ళు రాలాయి. నేను చూస్తూ నిలబడ్డాను.

దవడ విరిగినవాడు పేర్లేం చెప్తాడు? సభ వాయిదా పడింది. ఓఫాసియా ఆగలేదు. మూడో రోజు పొద్దున్నే కాగడాలు పట్టుకుని పన్నెండు మందిమి వాగు దాటాం. వాగు ఒడ్డునే మొదటి ఇల్లు సాంగోది. గుమ్మంలోకి తొంగిచూస్తే, మొహానికి గుడ్డ కట్టుకుని పెదనాన్న కూర్చుని ఉన్నాడు. ఆ ఒంటితో వాగు ఎలా దాటాడో!

"బయటికి రా, ముసలోడా!" అని అరిచాడు అన్న.

ఆయన కదల్లేదు. పదకొండు మందిమి ఆగిపోయాం. ఓఫాసియా ఆగలేదు, కాగడా కప్పు మీదికి విసిరాడు. ఎండిన తాటాకు భగ్గుమంది. నా కాగడా వాగులో పారేసి పరుగెత్తాను గానీ, నాకంటే ముందే అబువాలో మగాళ్ళు మంటల్లోకి దూకి ఆయన్ని లాక్కొచ్చారు. ఆలోపే కప్పు ఆయన మీద పడింది. మధ్యాహ్నం కాకుండానే పోయాడు.

పోలీసులొచ్చి అన్నని తీసుకెళ్ళారు. మేం శవాన్ని ఇమ్మని అడగడానికి వెళితే సాంగో అడ్డంగా నిలబడింది.

"మావాడు మా ఇంట్లో పోయాడు, మా పెద్దల పక్కనే పడుకుంటాడు. మీరు ఇజ్రాయేలు పోయి ఏడవండి!"

ఉత్తచేతులతో వాగు దాటి వచ్చేశాం. అబువాలో వాళ్ళ పదహారు ఇళ్ళూ ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. కాలిందాన్ని మేమే మళ్ళీ కట్టిచ్చాం.

కొత్తగా ఎవరైనా వచ్చి, మీరు ఇజ్రాయేలు నుంచి వచ్చారటగా అని అడుగుతుంటారు. వచ్చామో లేదో నాకు తెలియదు. మా పెదనాన్నని మేమే చంపాం. దానికి సాక్ష్యం తవ్వక్కర్లేదు.