రొయ్యపిల్లల విమాన ప్రయాణం

సిలిండరు మర తిప్పగానే ప్లాస్టిక్ సంచిలోకి ఆక్సిజన్ బుస్సుమని దూరే చప్పుడు వింటే నాకు ఇప్పటికీ కస్తూరి గారే గుర్తొస్తారు. తోటపల్లి గూడూరు దగ్గర సముద్రం ఒడ్డున మా రొయ్యపిల్లల హేచరీకి ఆవిడ మేనేజరు. ముక్కుసూటి మనిషి, నవ్వడం అరుదు. ఓనరు అరుపుల కంటే ఆవిడ మౌనానికే మేము ఎక్కువ జడిసేవాళ్లం. చేపల వేటకెళ్లే ఇంటి నుంచి వచ్చి తొట్లు కడుగుతున్న నన్ను ప్యాకింగు దాకా తీసుకొచ్చింది ఆవిడే.

కోల్‌కతా అవతలి రైతు ఒకరికి రొయ్యపిల్లను పంపే పని మొదటిసారి నాకు అప్పగించారు. ఆడపిల్లకెందుకీ బరువని ఓనరు గొణిగారు. లోడు చెడితే మళ్లీ తొట్ల దగ్గరికే పంపుతానని నా ముఖం మీదే అన్నారు. చెన్నై నుంచి కోల్‌కతాకు ఎంత దూరమో ఫోన్లో చూసి, విమానంలో రెండు గంటల పైచిలుకే కదా, సంచికి పిల్లను దట్టంగా వేయమన్నారు. నాకూ అది సబబుగానే తోచింది. సగం సంచులు కట్టేసరికి కస్తూరి గారు వచ్చి, ఒక సంచిని వెలుతురుకెత్తి చూశారు.

"మే అమ్మాయ్, ఈ పిల్ల రైతు గుంటలో పడేది ఎప్పుడు?"

విమానం దిగే వేళ చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"ఎగిరే టైము టిక్కెట్టు కొన్నోళ్లకి. పిల్లకి సంచి మూతి కట్టినప్పటి నుంచి విప్పిందాకా అంతా ప్రయాణమే."

గూడూరు టౌను మీదుగా వ్యాను, చెన్నైలో కార్గో షెడ్డు, అటువైపు మళ్లీ రోడ్డు, చివరికి నీళ్ల వేడి సర్దుకునేదాకా గుంటలో తేలే సంచులు, అన్నీ వరసగా చెప్పి, అంతసేపూ సంచిలో ఆక్సిజన్ చాలాలన్నారు. కట్టినవన్నీ విప్పించి, పల్చగా మళ్లీ కట్టించారు. సంచులు పెరిగాయని ఓనరు మండిపడితే, పూచీ తనదన్నారు. ఆ సాయంత్రమే చెన్నైలో వాన పట్టుకుని విమానం బాగా ఆలస్యమైంది.

మర్నాడు పొద్దున ఆవిడ ఫోను మోగింది. రైతు వీడియోలో కనిపిస్తున్నాడు. ఆవిడ అతనితో తాను మాట్లాడకుండా ఫోను నా చేతిలో పెట్టారు.

"కట్టింది నువ్వు. నువ్వే చూడు."

అతని భాష నాకు రాదు. అతను తెల్ల గిన్నెలో నీళ్లు గిర్రున తిప్పి చూపించాడు. వెంట్రుక ముక్కల్లాంటి పిల్లలు హుషారుగా నీటికి ఎదురీదుతున్నాయి. నాకు ఏడుపొచ్చేసింది.

ఇప్పుడు కస్తూరి గారు ఈ పని మానేసి బుచ్చిరెడ్డిపాలెంలో ఉంటున్నారు. ప్యాకింగు షెడ్డు నా చేతి కింద నడుస్తోంది. ఆ రోజు రైతుతో ఆవిడే మాట్లాడి ఉంటే ఆ మెప్పు ఆవిడదే అయ్యేది, అది న్యాయం కూడా. నాకిచ్చేశారు. అందుకే ఎంత దూరం నుంచి రైతు ఫోను చేసినా, ఆ సంచులు కట్టిన అమ్మాయిని పిలిచి, ముందు ఆమె చేతికే ఇస్తాను.