బర్రెకు పోసిన కుడితి

ఇప్పుడు నాకు దాహం కూడా సరిగా వేయదు. వయసు పైబడ్డ ఒళ్ళు అడగడం మానేస్తుంది, మనమే గుర్తు పెట్టుకొని తాగాలి. చెంబు పక్కనే ఉంటుంది, ఎత్తడానికి బద్ధకం. ఎవరైనా మందలిస్తే విసుక్కుంటాను కూడా. కానీ నా తొలి కాన్పు గుర్తుకు వచ్చిందంటే మాత్రం చెయ్యి దానంతట అదే చెంబు మీదికి పోతుంది.

అత్తవారిల్లు కామారెడ్డిలో, అమ్మగారిల్లు ఎల్లారెడ్డి పక్కన పల్లెలో. ఎక్కడో దూరాన పెద్ద యుద్ధం మొదలైందని రైలు దిగినవాళ్ళు చెప్పుకుంటున్న రోజులు. నెలలు నిండుతుండగా బాపు బండి కట్టుకొని వచ్చి నన్ను తీసుకుపోయాడు. రోహిణి కార్తెలో ఆడపిల్లను కన్నాను. బయట నిప్పులు చెరిగే ఎండ. లోపల నా మంచం కింద నిజంగా నిప్పులే.

బాలింత ఒంట్లో వేడి పోకూడదని అప్పట్లో మా వైపు పట్టింపు. మంచం కింద కుంపటి, చెవులకు గుడ్డ, తలుపు సందుల్లో పాత చీర పేలికలు, కంచంలో వెల్లుల్లి కారం కలిపిన పొడి అన్నం. నీళ్ళంటారా, వాము వేసి కాచినవి, పూటకు ఒక గుక్కెడు. అంతకు మించి తాగితే వాతం కమ్ముతుందని, పసిదానికి పడిశం పడుతుందని భయం. అన్నీ నా మంచికే. మంచి చేసేవాళ్ళ చేతుల్లో పడ్డాక తప్పించుకోవడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుసు.

అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్ళం. ఆమె పెట్టే పత్యం ఊళ్ళో మిగతా తల్లుల పత్యం కంటే గట్టిది. దానికి కారణం మా అక్క. అంతకు కొన్నేళ్ళ ముందు అక్క కూడా ఇదే గదిలో, ఇలాంటి ఎండల్లోనే కన్నది. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు గోడ పట్టుకుంటూ పెరట్లోకి పోయి గాబులో చెంబు ముంచుకొని తాగింది. అవ్వ చూసి పరుగెత్తేసరికే తాగేసిందని చెప్పుకునేవారు. సాయంత్రానికి అక్క కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. మనిషి దక్కలేదు, ఆ తర్వాత బిడ్డా దక్కలేదు. నీళ్ళే చంపాయని అవ్వ నమ్మింది. ఊరంతా నమ్మింది, నేనూ నమ్మాను. అందుకే నా గదిలో నీళ్ళ ముంత ఉండేది కాదు. గడప బయట అవ్వ ఉండేది.

మొదట ఉచ్చ తగ్గింది. వచ్చే ఆ కాస్తా మంటగా, ముదురు రంగులో వచ్చేది. తర్వాత చెమట ఆగిపోయింది. కుంపటి మీద పడుకొని చెమట పట్టకపోవడమేమిటని నాకే వింతగా ఉండేది. కరువొస్తే ఇల్లాలు ముందు వచ్చేపోయేవాళ్ళకు పెట్టడం మానుకుంటుంది, ఆ తర్వాత తన పూట మానుకుంటుంది, పిల్లల వాటా మాత్రం ముట్టదు. నా ఒళ్ళూ అలాగే చేసింది. ఏడుద్దామంటే కన్నీళ్ళు లేవు గానీ, పాలు ఇంకా వచ్చేవి. లేచి కూర్చుంటే కళ్ళు చీకట్లు కమ్మేవి, ఊరికే పడుకున్నా గుండె దడదడలాడేది. చివరకు ఒకరోజు పాప రొమ్ము పట్టి లాగి లాగి, వదిలేసి ఏడ్చింది. పిల్లల వాటా కూడా అయిపోయిందని అప్పుడు తెలిసింది.

"అవ్వా, పాలొస్తలేవే. ఇన్ని నీళ్ళియ్యవే," అన్నాను.

"పాలకు కారం తినాలె బిడ్డా, నీళ్ళు కాదు," అంది గడప అవతలి నుంచి. "ఎల్లిగడ్డ ఇంకింత నూరి పెడ్త."

"నాలిక అంటుకపోతున్నది."

"మీ అక్క గూడ గట్లనే అన్నది. ఓర్సుకో."

అక్క పేరెత్తితే ఇక మాట్లాడటానికేం ఉంటుంది? గోడవైపు తిరిగి పడుకున్నాను.

నేను కన్న వారంలోనే మా బర్రె కూడా ఈనింది. కొట్టానికీ నా గదికీ మధ్య ఒకటే మట్టిగోడ. ఆ సాయంత్రం అవ్వ బర్రెకు కుడితి కలుపుతోంది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, తవుడు, ఇంత దొడ్డుప్పు. గోలెంలో చెయ్యి తిప్పుతున్న చప్పుడు నాకు వినబడుతోంది.

"తాగు తల్లీ, కడుపునిండ తాగు. తాగకుంటే పాలు యాడికెల్లి వస్తయే నీకు?"

బర్రె మూతి ముంచింది. అది జుర్రుకుంటుంటే నా గొంతు గుటకలు వేసింది, మింగడానికి నోట్లో ఉమ్మి కూడా లేదు. ఆ బర్రె మీద పుట్టినంత అసూయ నాకు జన్మలో ఏ మనిషి మీదా పుట్టలేదు. కూర్చునే ఓపిక లేనిదాన్ని, అంత గొంతు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, గోడకు మొహం పెట్టి అరిచాను.

"అవ్వా! నన్ను గూడ కొట్టంల కట్టెయ్యరాదే! ఆ బర్రెకున్న బతుకు నాకు లేకపాయె!"

గోలెంలో చెయ్యి ఆగింది. కాసేపటికి అవ్వ లోపలికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. నా నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కడుక్కోలేదు, తవుడు అంటుకొని ఇంకా తడిగా ఉంది. నేను ఆ చేతిని లాక్కొని, వేళ్ళకంటిన కుడితిని నాకాను.

అవ్వ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తర్వాత వంగి మంచం కింది కుంపటిని బయటికి ఈడ్చింది. పొయ్యి దగ్గరికి పోయి చల్లారిన గంజిలో ఉప్పు వేసి చెంబుతో తెచ్చి, తానే నా నోటికి పట్టింది. నేను ఆత్రంగా తాగుతుంటే గంజి నా మెడ మీద ఒలికింది. అదీ హాయిగానే ఉంది. చెంబు ఖాళీ అయితే మళ్ళీ తెచ్చింది. ఆ తర్వాత నా కాళ్ళ దగ్గర కూర్చొని రెండు పాదాలూ గట్టిగా పట్టుకుంది, అవి కొట్టుకోవడం మొదలైతే ఆపుదామని. నేను నిద్రపోయాను.

తెల్లారేసరికి నా మెడ కింద తడిగా ఉంది. గంజి అనుకున్నాను, చెమట. పాలు వెంటనే రాలేదు, మర్నాటి నుంచి కొద్దికొద్దిగా దిగాయి. ఒంట్లో నీళ్ళూ ఉప్పూ వేడీ ఒకదాన్నొకటి పట్టుకొని నిలబడతాయని, ఒకటి జారితే మిగిలినవి కొంతదూరం దాని బరువు కూడా మోస్తాయని ఎంతో కాలానికి కామారెడ్డిలో ఒక డాక్టరు చెబితే విన్నాను. అక్కను జ్వరం చంపిందో, ఎండ చంపిందో, దాహం చంపిందో ఆయన్ను అడగలేదు. తెలుసుకొని ఎవరికి చెప్పాలి?

ఆ పొద్దున అవ్వ కొంగుతో నా నుదురు తుడిచింది. నేను బతికానన్న సంతోషం ఆమె మొహంలో కనిపించింది, కానీ నిలవలేదు. తడిసిన కొంగును చూస్తూ కూర్చుంది.

"రాత్రి నువ్వెన్ని చెంబులు తాగినవ్ బిడ్డా?"

"యాది లేదవ్వా. శానా తాగిన."

"మీ అక్క సగం చెంబు గూడ తాగలే," అంది మెల్లగా. "నోటికాడికెల్లి నేనే గుంజుకున్న."

నాకు చాలా అలసటగా ఉంది. పాప మూలుగుతోంది.

"ఇంకిన్ని నీళ్ళియ్యవ్వా," అన్నాను.

అవ్వ లేచి తెచ్చింది.