కప్పు అన్నం, రెండు కప్పుల కూర

నాకు సుగర్ వచ్చిందని తెలిసేటప్పటికి ఇంకా ముప్పై అయిదేళ్ళు నిండలేదు. కత్తిపీట తగిలి వేలు తెగితే ఆ పుండు ఎన్నాళ్ళకీ మానలేదు. తణుకులో డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, రిపోర్టు చూసి రాజమండ్రి పంపించారు. అప్పట్లో మా వైపు సుగరంటే వయసు మళ్ళిన మగవాళ్ళ జబ్బనే అనుకునేవారు. మా పుట్టింటివాళ్ళు ఈ సంగతి దాచిపెట్టి పెళ్ళి చేశారేమోనని అత్తగారు వాకబు కూడా చేయించారు.

రాజమండ్రి ఆసుపత్రిలో డాక్టరుగారి పక్కగదిలో ఒకమ్మాయి కూర్చునేది, ఏది ఎంత తినాలో చెప్పడానికి. బల్లమీద స్టీలు కప్పొకటి పెట్టి, మధ్యాహ్నం దీంతో ఒక కప్పు అన్నం, రెండు కప్పుల కూర, కాస్త పప్పు, పల్చటి మజ్జిగ తీసుకోమంది. అన్నంలో కార్బోహైడ్రేట్లు ఎంత ఉంటాయో, ఇడ్లీకి ఎన్ని క్యాలరీలో, అదే పిండితో అట్టు పోసి నూనె వేస్తే ఎంత పెరుగుతుందో ఓపిగ్గా చెప్పింది. నేను ఇంటర్లో బైపీసీ చదివాను. ఆ మాటలన్నీ నాకు తెలిసినవే. బస్సులో తిరిగొస్తూ మా ఇంట్లో వండేవన్నీ తలుచుకుని ఒక్కోదానికీ లెక్క కట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు భయం కంటే ఉత్సాహమే ఎక్కువ. పెళ్ళయ్యాక నా చదువు నాకు పనికొచ్చింది అదే మొదటిసారి.

ఆ అమ్మాయి అడగనిది ఒక్కటే, ఇంట్లో నేను ఎవరి తర్వాత తింటానని.

మా ఇంట్లో ముందు మా ఆయన, మరిది తినేవారు. తర్వాత పిల్లలిద్దరూ, ఆ తర్వాత అత్తగారు. అందరూ లేచాక నేను. నా వంతు వచ్చేసరికి బాణలి అడుగున అంటుకున్న వేపుడు, కాస్త చారు, ఆవకాయ ఉండేవి. అన్నం మాత్రం ఎప్పుడూ మిగిలేది. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి చారుతో కప్పు అన్నం తిని లేవడం అయ్యేపని కాదు. రెండు కప్పులు తినేదాన్ని, ఒక్కోరోజు మూడు. తింటూనే లెక్క కట్టేదాన్ని. నా లెక్క ఎప్పుడూ తప్పలేదు.

కూర ఎక్కువ వండుకోవచ్చు కదా అని ఎవరైనా అనొచ్చు. కూరగాయలు తరిగి ఇచ్చేది అత్తగారు. ఇంకో రెండు వంకాయలు వేద్దామండీ అంటే, ఎవరికి అని అడిగేవారు. నాకు అని చెప్పడానికి నోరొచ్చేది కాదు.

ఒకరోజు ధైర్యం చేసి, బెండకాయ కూర దించగానే చిన్న గిన్నెలోకి కొంచెం తీసి మూతపెట్టాను. అత్తగారు చూశారు.

"మగాళ్ళింకా కంచాల ముందు కూర్చోనేలేదు, అప్పుడే దాచుకున్నావా అమ్మాయ్?"

డాక్టరుగారు కూర ఎక్కువ, అన్నం తక్కువ తినమన్నారని చెప్పాను.

"వరి పండించుకునే ఇంట్లో అన్నం కొలుచుకుని తినడమేంటమ్మా," అని ఆ గిన్నెడు కూరా మళ్ళీ బాణలిలోకి వంచేశారు. కోపంగా కూడా అనలేదు. సాయంత్రం మా ఆయనతో చెబితే, మాత్రలు వేసుకుంటున్నావుగా, కూర దగ్గర గొడవేంటి అన్నారు. కూర కోసం పోట్లాడిన కోడలినని పేరు పడుతుందని నాకే సిగ్గేసింది. మళ్ళీ గిన్నె తీసిపెట్టలేదు.

కొన్నేళ్ళకి మా ఆయనకీ సుగర్ వచ్చింది. ఊళ్ళో మెడికల్ క్యాంపు పెడితే సరదాకి చూపించుకున్నారు, తేలింది. వారం తిరక్కుండా మా వంటిల్లు మారిపోయింది. రాత్రిళ్ళు చపాతీలొచ్చాయి. ఆనపకాయలు, బీరకాయలు, ఆకుకూరలు సంచులతో దిగాయి. పిల్లలు ఆయన ఎదురుగా స్వీట్లు తినకూడదన్నారు అత్తగారు. ఆవిడే బజారు నుంచి కొత్త కప్పు తెప్పించి నా చేతికిచ్చారు.

"అన్నం దీంతోనే పెట్టు, ఎక్కువైతే వాడికి పడదు. నీకా లెక్కలన్నీ తెలుసుగా అమ్మాయ్."

తెలుసు. ఆయనకి కప్పు అన్నం, రెండు కప్పుల కూర కొలిచి పెట్టాను, ఒక్కపూట కూడా తప్పకుండా. సంచులతో వచ్చిన కూరగాయలు ఆయన పథ్యానికీ, ఆయనతోపాటు తినే మిగతావాళ్ళకీ సరిపోయేవి. నేను చారన్నం మీదే ఉన్నాను.

ఆ తర్వాత రాజమండ్రికి ఇద్దరం కలిసి వెళ్ళాం. నాకప్పటికే ఎడమకంట్లో నల్లటి పోగులు ఈదుతున్నట్టు కనిపిస్తోంది. డాక్టరుగారు ఆయన రిపోర్టు చూసి చాలా మెచ్చుకున్నారు. ఏదో నోరు కట్టుకుంటున్నానండి అన్నారు మా ఆయన, కాస్త సిగ్గుపడుతూ. తర్వాత నా రిపోర్టు తీసి డాక్టరుగారు తల అడ్డంగా ఊపారు. సుగర్ కంటిదాకా వెళ్ళిందన్నారు.

"మీరూ కొంచెం నోరు కట్టుకోవాలమ్మా. మీవారిని చూసి నేర్చుకోండి."

ఆయన నా పక్క కుర్చీలోనే ఉన్నారు. ఏమైనా అంటారేమోనని చూశాను. చేతిలోని ఫైలు సర్దుకుంటున్నారు. అవునండీ, అలాగే అని చెప్పి లేచాను.

మర్నాడు వంటవగానే కంచం పెట్టుకుని, కప్పు అన్నం, రెండు కప్పుల కూర వడ్డించుకుని, అందరికంటే ముందు తిన్నాను. అత్తగారు గుమ్మంలో నిలబడి చూశారు. కాసేపటికి మా ఆయన వచ్చి, ఆకలేసిందా అని అడిగారు. లేదండీ, టైమైంది అన్నాను. ఎవరూ ఇంకేమీ అనలేదు. ఇన్నేళ్ళూ ఈ మౌనానికేనా నేను భయపడింది అనుకుంటూ కంచం కడుక్కున్నాను.

అప్పట్నుంచీ అలాగే తింటున్నాను. సుగర్ దిగింది. కంటికి లేజర్ చేయించారు గానీ పోయిన చూపు రాలేదు. చుట్టాలెవరైనా వస్తే మా ఆయన భోజనాల దగ్గర చెబుతుంటారు, మా ఆవిడ ఈమధ్య నాకు పెట్టకుండానే తినేస్తోందండీ అని. అందరూ నవ్వుతారు. ఎడమకంటికి వాళ్ళ మొహాలు సరిగ్గా ఆనవు.