బయోడేటాలో రాయని ఆర్నెల్లు

ఆ రోజుల్లో బయోడేటా అంటే నాకు వంశవృక్షమే. మనిషి ఏం చేయగలడో చెప్పే కాగితమని తెలియక, ఎవరింటివాడో చెప్పే కాగితమనుకునేవాణ్ణి. మా ముత్తాతగారి పేరు వింటే నాలుగూళ్లవాళ్లు లేచి నిలబడేవారట. (నా కాలానికి కూర్చున్నవాళ్లు కొంచెం జరిగి చోటిచ్చేవారు, అదీ బస్సులో.) నేను పుట్టేనాటికే ఆస్తంతా పోయి, కాకినాడలో రెండు గదుల అద్దె వాటాలో ఉండేవాళ్లం. ఆయన పేరు చెక్కిన ఇత్తడి ఫలకం తగిలించడానికి మాకు గేటు లేదు కాబట్టి వంటింటి తలుపు లోపలివైపు తగిలించుకున్నాం. పోపుల పొగకి అది నల్లబడేది, అమ్మ చింతపండు పెట్టి తోమేది.

డిగ్రీ అయ్యాక ఏడాదిన్నర ఉద్యోగం లేదు. ఆ ఖాళీలో మూడు కోర్సులు చేశాను. హిందీ విశారద పరీక్ష ప్యాసయ్యాను. పది రోజుల వ్యక్తిత్వ వికాస శిక్షణ పొందాను. మూడోది ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేయడం, ఆర్నెల్లు. అందులో అమ్మ పట్టుబట్టి చేర్పించింది. "మనం పని చేయించుకునేవాళ్లమే గాని చేసేవాళ్లం కాదు" అని నాన్నగారు ఆ ఆర్నెల్లూ నాతో మాట్లాడలేదు. అమ్మ మాత్రం రోజూ మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని, ఎవరి కంటా పడకుండా సందు దారిన మా కోర్సు షెడ్డుకి వచ్చేది. నేను తింటుంటే విప్పిపెట్టిన యంత్రాల వంక చూస్తూ కూర్చునేది. "ఇది దేనికిరా నాన్నా? మరి ఇదో?" అని ఒక్కొక్కటే అడిగేది. నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆవిడకీ వచ్చేసింది. సర్టిఫికెట్ ఇచ్చిన రోజున దాన్ని ఇత్తడి ఫలకం పక్కన తగిలిస్తానంది. నేను తగిలించనివ్వలేదు.

ఆ తర్వాత ఢిల్లీ వచ్చి, సరోజినీ నగర్‌లో బాబాయిగారి ప్రభుత్వ క్వార్టర్లో దిగాను. నెలలోగా ఉద్యోగం దొరక్కపోతే తిరిగి వచ్చెయ్యాలని నాన్నగారి ఆజ్ఞ. ఇరవై ఆరో రోజున సాకేత్‌లోని ఒక ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. అమ్మ ఫోన్లో గొంతు తగ్గించి, "ఆ కోర్సు పైన రాయి నాన్నా. అది చూసి ఉద్యోగం ఇచ్చారంటే మీ నాన్నగారికి నేను చెప్పుకుంటాను" అంది. ఇంటర్వ్యూ రోజు పొద్దున బాబాయి పరోటా తింటూ నా బయోడేటా చదివాడు.

"ఏరా, డిగ్రీ తర్వాత చేసిన కోర్సులని విశారద రాశావు, వికాసం రాశావు. ఏసీ కోర్సేదీ?"

"అది కోర్సు కాదు బాబాయ్. కాలక్షేపం."

"ఆర్నెల్లు గ్రీజు పూసుకున్న కాలక్షేపమా? వాళ్లకి కావలసింది బిల్డింగులు చూసుకునే సూపర్‌వైజరు. నీ దగ్గర పనికొచ్చేది అదొక్కటే."

"సూపర్‌వైజరంటే అజమాయిషీ. అది మన రక్తంలోనే ఉంది."

బాబాయి (ఆయనదీ అదే రక్తం, రోజూ పాలబూత్ లైన్లో నిలబడేది) పిన్ని వైపు తిరిగి, "దివాన్‌గారికి ఇంకో పరోటా వెయ్యి" అన్నాడు.

ఇంటర్వ్యూ చేసినావిడ నా కాగితం చూసి, "విశారద్? అచ్ఛా, తో హిందీ మేఁ బాత్ కరేఁ?" అంది. నేను నిలబడే, "మహోదయా, యది ఆజ్ఞా హో తో మైఁ ఆసన్ గ్రహణ్ కరూఁ?" అని కూర్చోడానికి అనుమతి అడిగాను. ఆవిడ నవ్వింది. టీ తెచ్చిన భయ్యా కూడా నవ్వాడు. గౌరవం కొద్దీ నవ్వారనుకున్నాను. (పౌరాణిక నాటకాల్లో తప్ప అక్కడ ఎవరూ అలా మాట్లాడరని తర్వాత తెలిసింది.) ఇంతలో తలపైనున్న ఏసీ నుంచి నీళ్లు నా ఫైలు మీద టపటపా పడ్డాయి. మెకానిక్ వచ్చి, కనీసం మూత కూడా తియ్యకుండా, "గ్యాస్ ఖతమ్, మేడం" అన్నాడు. గ్యాసు కాదు. నీళ్లు బయటికి పోయే గొట్టంలో మట్టి పేరుకుంది, గట్టిగా ఊదితే పోతుంది. ఆ మాట మా అమ్మయినా చెప్పగలదు.

ఆవిడ విసుగ్గా, "వీడు ప్రతిసారీ గ్యాసే అంటాడు. నిజమో అబద్ధమో నాకేం తెలుసు? మీకేమైనా తెలుసా?" అని నన్నే అడిగింది, హిందీలో. మాట గొంతు దాకా వచ్చింది. మెకానిక్ ముందు, టీ భయ్యా ముందు, మా ముత్తాతగారి ముందు ఆ మాట ఎలా అనను? వెన్ను నిటారుగా పెట్టి, "క్షమా కీజియే, యహ్ మేరా క్షేత్ర్ నహీఁ" అన్నాను. ఇది నా రంగం కాదని.

"ఠీక్ హై, విశారద్‌జీ" అని ఆవిడ తడిసిన ఫైలు మూసి నా చేతికిచ్చింది.

బస్టాప్ దగ్గరుండగానే అమ్మ ఫోన్ చేసింది. "రాశావా? ఏమన్నారు?"

"రాశానమ్మా. అది చూసి మెచ్చుకున్నారు. ఉద్యోగం మాత్రం ఎవరికో ముందే అనుకున్నారట."

"మెచ్చుకున్నారా?" అంది. ఆపైన ఫోన్ పక్కకి తిప్పినట్టుంది, గొంతు దూరమైంది. "విన్నారా? ఆ కోర్సు చూసి ఢిల్లీలో మెచ్చుకున్నారట." నాన్నగారేమన్నారో వినబడలేదు. రెండు రోజుల తర్వాత బాబాయి స్నేహితుడి ఆఫీసులో గుమాస్తా పని దొరికింది, నా జుట్టు అందులోనే నెరిసింది. అమ్మ మాత్రం బతికినన్నాళ్లూ వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ మెప్పు సంగతి చెప్పుకుంది. ఆవిడ పోయాక ఇత్తడి ఫలకం తెచ్చుకుందామని తలుపు మీంచి తీశాను. దాని వెనకాల, ప్లాస్టిక్ కవర్లో, నా సర్టిఫికెట్ ఉంది.

ఈమధ్య ఢిల్లీ పక్కన వైశాలిలో మా అపార్ట్‌మెంట్ కమిటీవాళ్లు ఒక ఫారం ఇచ్చారు. చదువు అన్నచోట బి.ఏ. అని రాసి, దాని కింద ఆ ఆర్నెల్ల కోర్సు రాశాను. విశారద వదిలేశాను. మర్నాడే కమిటీ కార్యదర్శి తలుపు తట్టాడు. "అంకుల్, కభీ బతాయా నహీఁ. మేరా ఏసీ టపక్ రహా హై." వాళ్ల ఏసీ కారుతోందట. వెళ్లి స్టూలెక్కాను. (వెన్ను ఇంకా ముత్తాతగారిదే, వంగదు.) గొట్టం ఊడదీసి, నోట పెట్టి ఊదాను. మట్టినీళ్లు బాల్కనీలో పడ్డాయి, కారడం ఆగింది. ఎక్కడ నేర్చుకున్నారని కార్యదర్శి భార్య అడిగింది.

"మమ్మీ కే సాథ్ సీఖా థా" అన్నాను, అమ్మతో కలిసి నేర్చుకున్నానని, మామూలు హిందీలోనే.